సొంత దస్తూరీ

మారికుప్పం అమ్మాయి చేతికర్రతో తడుముకుంటూ కాలేజీ ఆఫీసు కౌంటరు దగ్గరికి చేరేసరికి, అవతల గుమాస్తా టీ జుర్రుతున్న చప్పుడు వినబడింది.

"సార్, సోమవారం నుంచి పరీక్షలు. నాకు కండ్లు కనబడవు. నేను చెప్తా ఉంటే రాసేదానికి ఒక మనిషి కావాల."

"ఇస్తామమ్మా, ఎందుకియ్యం? అర్జీ పెట్టు. నీ చేత్తోనే రాయాల, రూలు ఉండాది."

"నా చేత్తో రాయగలిగితే ఇంగ మనిషెందుకు సార్?"

"అదంతా నాకు తెలీదు. టైపు చేసి తెచ్చినోళ్ళ అర్జీని ప్రిన్సిపాల్ చింపేసినాడు."

"అయితే నేను చెప్తాను, మీరు రాయండి."

గుమాస్తా నిట్టూర్చాడు. ఆమె చెబుతూ పోయింది, అతని పెన్ను గీకుతూ పోయింది.

"అయింది. కానీ ఇది నా దస్తూరీ కదమ్మా, చెల్లదే!"

"కింద ఇంగో మాట రాయండి సార్. ఈ అమ్మాయికి కండ్లు కనబడవు, అందుకే ఆమె చెప్తా ఉంటే నేను రాసినాను, అని."

"అట్లయితే సరే. సంతకం కూడా పెడతా. ఆఫీసు కాగితమంటే సీలుండాల."

సీలు దబ్బున పడింది. అమ్మాయి నవ్వు ఆపుకుంది.

"నాకు రాసే మనిషి కావాలని మీ ఆఫీసే సీలేసి ఒప్పుకున్యాది సార్. ఇంగ చెల్లదంటే, ఆ మాట ప్రిన్సిపాల్‌ని సొంత దస్తూరీతో రాసియ్యమనండి."