దొర తలకు చుట్టిన మా పాగా

ఏం చూపిస్తా ఉండావే మోనిషా, ఫోను అంత దగ్గర పెడితే నాకేం కనపడతాది, కొంచెం ఎడంగా పట్టు. ఆ, అట్ల. ఎవురీ ముసలాయప్ప? తెల్లోడు. ఉండుండు, ఇంకోతూరి చూపించు. ఈ ముక్కు నాకు తెలుసునే. వెంట్రుకలన్నీ రాలిపోయినాయి, గొంతు కింద తోలు వేలాడతా ఉంది, అయినా ముక్కు ఎక్కడికి పోతాది, గద్ద ముక్కు. మన బోరు దొరే! నీకెట్ల దొరికినాడే ఈయన? ఏమంటివి? పోయినాడా? పోయిన వారమా? సరే. ఏడవలేదులే, కండ్లలో పొర, అది ఎప్పుడూ కారేదే. చదువు. ఇంగ్లీషులో కాదు, మన మాటల్లో చెప్పు. కార్విక్‌కు ఎర్లు, హార్న్‌మియర్‌కు వైకౌంటు, టెస్‌లీకి బారను. వరస సరిగ్గానే రాసినారు, పెద్దది ముందు, చిన్నది చివర. పెండ్లి కాలేదు, బిడ్డల్లేరు, మూడు పట్టాలూ ఆయనతోనే అయిపోయినాయి. మూడేనంట! రాసినోడికి ఏం తెలుసు నాలుగోది ఒకటి ఉండాదని? నాలుగోది మనది. కూర్చో ఇట్ల. శుక్రవారం జాతరలో మొదటి తాంబూలం తీసుకొనేదానికి ఆ సెల్వరాజు చొక్కాకు గంజి పెట్టిచ్చుకోని ఉంటాడు కదా, అది ఎవురింటి తాంబూలమో నీకు తెలియదు. మీ నాయినకు చెప్తే సగంలోనే బస్సుకు టైమయిందని లేస్తాడు. నువ్వయినా విను.

నాకు మీసం వచ్చిన కొత్త. వానల్లేవు. బావులు అడుగంటిపోయి, ఎడ్లను పాలకోడు సంతకు తోలుకోనిపోయి అడిగినంతకు ఇచ్చేసి, ఒట్టి తాడు భుజానేసుకోని వచ్చినోళ్లుండారు ఈ ఊర్లో. అప్పుడు లారీ మింద ఒక మిషను వేసుకోని తెల్లోళ్లు వచ్చినారు, బండను తొలిచి నీళ్లు తీస్తామని. గవర్నమెంటోళ్లు కాదు, ధర్మానికి వచ్చినోళ్లు. మిగతావాళ్లంతా పెరియంపట్టి పక్కన గుడారాలేసుకుంటే, ఈయన మాత్రం మిషను వదలనని మా కొట్టంలోనే మంచం వేసుకున్నాడు, ఎద్దుల పక్కన. మొదటి దినం రాగి సంగటి పెడితే నమిలినాడమ్మా! సంగటిని నమిలే మనిషిని నేను అప్పుడే చూసింది. మా యమ్మ ఓబమ్మ, 'మింగు నాయినా, మింగు' అని తన గొంతు పట్టుకోని చూపించింది. ఆరు నెలలకు మింగేది నేర్చినాడు, మాట నేర్చినాడు. 'వచ్చినాను, తిన్నాను' అని మన మాదిరే మాట్లాడతా ఉండె. అరవం, ఇంగ్లీషు కలిపి మీరు మాట్లాడతారే, దానికంటే మేలు. నవ్వొద్దు, నిజమే చెప్తా ఉండా.

మా నాయిన కాటప్ప ఊరికే కాటప్ప కాదు. చుట్టూ ఉండే మనోళ్ల ఊర్లన్నిటికీ ఆయనే పెద్ద. వాళ్ల నాయిన నుంచి వచ్చిన పట్టం, ఆయనకు వాళ్ల నాయిన నుంచి. మన కూటమంటే నల్ల కంబళి పరచాల, దాని మింద చెంబు పెట్టాల, చెంబులో వేపాకు. కంబళి లేకుంటే అది కూటం కాదు, టీ అంగడి మాటలు. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలేసి మైకు పెట్టి కూటమంటారు, తూ! ఆ కంబళి మింద ఎర్ర పాగాతో కూర్చొనేది మా నాయిన ఒక్కడే. జాతరలో మొదటి తాంబూలం ఆయనకే. దొర ఇదంతా విడవకుండా అడిగేవాడు. ఒక సాయంత్రం మా నాయిన తిరిగి అడిగినాడు, 'మీ ఊర్లో పెద్ద ఎవురప్పా?' అని. 'మా నాయినే' అన్నాడు. పీకి పీకి అడిగితే బయటికొచ్చింది. ఈయన అవ్వ ఒక రాజుకు మనమరాలంట. రాజు కుటుంబమే, కానీ ఎంత దూరమంటే, ముందర నిలబడుకోని ఉండే అరవై డెబ్బై మంది ఒకే దినం కాలరా వచ్చి పోతే గానీ కిరీటం ఈయన తలకాడికి రాదు. ఆయనే చెప్పి ఆయనే నవ్వినాడు. 'అయితే ఇల్లూ వాకిలీ?' 'ఇల్లు ఉండాది. గదులు ఎవురూ లెక్కపెట్టలేదు. అన్నీ కారతాయి.' మా యమ్మకు పాపమనిపించి ఇంకో ముద్ద వేసింది.

వాళ్ల నాయిన ఎర్లు, అది పెద్ద పట్టం. ఆయన చేతికింద ఇంకా రెండు చిన్న పట్టాలు. ఈయన పెద్దకొడుకు కాబట్టి, నాయిన బతికుండంగానే అందులో ఒకటి ఈయన పేరుకు తగిలిచ్చినారంట, ఊరికే మర్యాదకు. మా నాయినకు ఒళ్లు మండింది. 'అయ్య గుండ్రాయి మాదిరి కూర్చోని ఉండంగానే కొడుకు పట్టం పేరు పెట్టుకొనేదా? నా కొడుకు అట్ల చేస్తే పండ్లు రాలగొడతా' అని నా పక్క చూసినాడు. నేనేం చేస్తినే! నా పాటికి నేను ఎద్దుకు గడ్డి వేస్తా ఉంటి. ఇంకొకటి చెప్పినాడు దొర. రాజుకు పట్టం కట్టేనాడు, ఆ రాజు చేతులు కడుక్కుంటే తుడుచుకొనేదానికి తుండు అందిచ్చే హక్కు వీళ్లింటిదంట. ఇంకో వంశమోళ్లు 'ఆ తుండు మాది' అని తాతల కాలం నుంచి తగాదా. మా నాయిన తొడ చరుచుకోని, 'అక్కడా ఒక సెంగోడన్ ఉండాడురా!' అన్నాడు. సెంగోడనంటే ఈ సెల్వరాజు అయ్య, మాకు దాయాది, మొదటి తాంబూలం తమదని ఎప్పుడూ తగాదానే. తిన్నె మింద కూర్చోని వింటానే ఉండె. ఆ మాట వాడు మరిచిపోలేదు. వాడు మరిచిపోలేదని నేనూ మరిచిపోలేదు.

ఒక దినం మధ్యాన్నం మొరప్పూరు పక్క నుంచి జీపులో తంతి వచ్చింది. మిషను దడదడ కొట్టుకుంటా ఉంది. దొర చదివినాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, పోయి పైపు మింద కూర్చున్నాడు. అదే గడియలో చూడు, నీళ్లు పడినాయి! బురద నీళ్లు పైకి చిమ్మతా ఉంటే ఆడోళ్లూ పిల్లోళ్లూ అరిచి గంతులేస్తా ఉండారు, ఆ నీళ్లలోనే తడిసి కూర్చోని ఉండాడు ఆయప్ప, కదల్లేదు. మా నాయినే పక్కన పోయి అడిగినాడు. 'మా నాయిన పోయినాడు కాటప్పా. ఇప్పుడు నేనే ఎర్లు.' 'అట్లనా. నీకు పట్టం ఎవురు కడతారు?' 'ఎవురూ కట్టరు. నాయిన ఊపిరి పోతూనే అది కొడుకు మింద తనంతట పడతాది.' 'పడతాదా? కాకి రెట్ట మాదిరి పైనుంచి పడతాదా?' అన్నాడు మా నాయిన. మన కట్టుబాటు నీకు తెలుసు కదా. తెలియదా? మీ నాయిన ఏం నేర్పిచ్చినాడే నీకు! అయ్య పోయిన సుద్ది వచ్చిన దినం, పొద్దు గూకే లోపల, పెద్దకొడుకు తలకు మేనమామ పాగా కట్టాల, కంబళి మింద. కట్టకుంటే పోయినాయన గడప దాటడు, వాకిట్లోనే నిలబడి ఉంటాడు. 'నీకు మేనమామ ఉండాడా?' 'ఒకడుండె. యుద్ధంలో పోయినాడు.' 'అయితే నేను నిలబడతా' అన్నాడు మా నాయిన. ఇంకేం, కంబళి పరిచినారు, చెంబు పెట్టినారు, ఊరంతా కూడినారు. పాగా గుడ్డ కావాల కదా? కొత్త గుడ్డకు పాలకోడు పోవాల, పొద్దు చూస్తే కొండ మింద కూర్చోని ఉంది. మా నాయిన ఆలోచన చెయ్యలేదు. తన తల మింద పాగా విప్పినాడు, దొర తలకు చుట్టినాడు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చినాడమ్మా దొర, కంబళి మింద ముడుచుకోని, పసిబిడ్డ మాదిరి. మన ఆడోళ్లు కూడా ఏడ్చినారు, మొగమే చూడని ఎవురో ముసలాయన కోసం. ఏడ్చి కండ్లు తుడుచుకోని మళ్లా ఎగతాళి. మేనమామ ఇల్లయితే మా చెల్లెలు నంజమ్మ ఆయనకు వరస కదా, 'నంజీ, మీ ఆయప్పకు ఆకలంట చూడు' అంటే అది రాగి చేన్లోకి దౌడు. నాకేమో బావ అయినాడు.

అప్పుడు లేచినాడు సెంగోడన్. సన్న గొంతు వాడికి, సెల్వరాజుకు అదే వచ్చింది. 'పెద్దల్లారా, నాకు ఒక్కటే సందేహం. కంబళి మింద, వేపాకు చెంబు ముందర, మన పెద్ద పాగా ఇంకొకరి తలకు ఎక్కింది. ఇప్పుడు మన పెద్ద ఎవురు?' మా నాయిన చేయి తల మిందికి పోయింది. అక్కడ ఏముంది, ఒట్టి తల. అప్పుడు తెలిసింది ఆయనకు ఏం చేసినాడో. దొర గబగబా విప్పేదానికి చూస్తే అందరూ 'విప్పొద్దు!' అని అరిచినారు, కంబళి మింద ఎక్కిన పాగా ఆ కంబళి మింద బతికిన తల నుంచి దించకూడదు, మా నాయిన మరిచి దించిందే చాలు. పెద్దలు కూర్చోని తేల్చినారు. దొర ఉన్నన్నాళ్లు పట్టం దొరది. తరువాత దొర కొడుకుది. కొడుకు లేకుండా పోతే, కట్టిన మేనమామ ఇంటికి తిరిగొస్తాది. అంతవరకూ జాతరలో తాంబూలం సెంగోడన్ చూసుకుంటాడు. చూసుకుంటాడంట! అయ్య చూసుకున్నాడు, ఇప్పుడు కొడుకు చూసుకుంటా ఉండాడు.

దొర ఇంటికి పోయేనాడు మేమంతా బండి కట్టుకోని మొరప్పూరు స్టేషనుకు పోతిమి. పాగాతోనే రైలెక్కినాడు. చుట్టేది మా నాయిన నేర్పిచ్చినాడు, ఎడమ చెవి మింద కొస రావాల, కుడి పక్క వస్తే అది కూలోడి తలగుడ్డ. సరిగ్గానే చుట్టినాడు. కిటికీలో నుంచి మా నాయిన చేయి పట్టుకోని అన్నాడు, 'మామా, నేను పెండ్లి చేసుకోను. పాగా మీ ఇంటికే తిరిగొస్తాది.' మేలు చేస్తా ఉండాననే అనుకున్నాడు. మా నాయిన ఏం చేసినాడో తెలుసునా? కిటికీలో చేయి పెట్టి చెంప మింద ఒకటిచ్చినాడు. ఎర్లును! రాజు మనమరాలి మనమడిని! 'తిరిగి రాకూడదురా' అన్నాడు. 'నీకు కొడుకు పుట్టాల, వాడి మేనమామ వాడి తలకు కట్టాల. అది మా వాకిట్లోకి తిరిగొచ్చిందంటే నా మేనల్లుడి ఇంట్లో దీపం లేదని అర్థం. అట్లాంటి పట్టం నాకొద్దు.' రైలు కదిలింది. చెంప పట్టుకోని నవ్వతానే ఉండె ఆయప్ప. వంక తిరిగేదాకా ఆ ఎర్రది కనపడతానే ఉండె.

మా నాయిన పోయేదాకా ఇంకో గుడ్డ తలకు చుట్టలేదు. చిత్తిరి నెల ఎండలో కూడా ఒట్టి తలే. సెంగోడన్ తాంబూలం తీసుకోని పోతా పోతా మా వాకిలి ముందర కావాలనే నిలబడి ఆకు నమిలేవాడు. నేను ఆ ఇంట్లో నీళ్లు ముట్టలేదు. వాడి కూతురు తెన్మొళి పెండ్లికి పిలిస్తే పోతి, అక్షింతలేస్తి, తినేదానికి ఆకు ముందర మాత్రం కూర్చోలేదు. ఆ బిడ్డ మంచిదే, అది వేరే సంగతి.

ఏమే, ఎందుకట్ల ఎగురుతా ఉండావు? అవును, నువ్వు చెప్పేది సరే. కొడుకు లేకుండా పోయినాడు, పాగా మన ఇంటిది. శుక్రవారం నేను పోయి 'సెల్వరాజూ, పక్కకు జరుగు' అంటే, కట్టు తెలిసినోడు ఎవుడూ అడ్డం చెప్పలేడు. ఆ ఒక్క మాట ఎట్ల అనాలో పండ్లున్నప్పుడు ఒక తీరుగా, పండ్లు పోయినాక ఒక తీరుగా, ఇదే తిన్నె మింద కూర్చోని నాలో నేనే అని చూసుకుంటి. మీ నాయినకు అప్పుడే ఫోను చెయ్యొద్దు. ఉండు. నువ్వొకటి మరిచిపోతివి. పాగా మనదని ఏం చెప్పి అడుగుతాము? దొర మా నాయినకు మేనల్లుడని కదా? మేనల్లుడయితే మనకు మైల. కన్నింటికి ఎంతో, పాగా కట్టినింటికీ అంతే, పదారు దినాలు. మైల పట్టినోడు జాతరలో కాలు పెట్టకూడదు, తాంబూలం తాకకూడదు. ఏమంటివి? ఫోనులో శనివారం చూసినామని చెప్తామా? ఎవురికి తెలుస్తాదా? మంచి తెలివే, కాలేజీ తెలివి. చెవిన పడిన సుద్దిని పడలేదంటే, ఆయప్ప మనకు ఏమీ కాడని చెప్పినట్లే. ఏమీ కానోడి పాగా మనకెందుకు వస్తాది?

వచ్చే ఏడు జాతరకా? చూస్తాములే, అప్పటికి ఉంటే. ఆయన కడపట ఎవురి దగ్గర ఉన్నాడని రాసినారు? పక్కన ఎవురున్నారంట? చదువు. కుక్కా? కుక్క ఒకటేనా? సరిగ్గా చూడవే, కింద ఇంకేమయినా ఉంటాది... లేదా. సరే, మూసేయి.

సెల్వరాజింటికి పోయి చెప్పు, తాతకు మైల, శుక్రవారం రాడని. ఎవురు పోయినారని అడుగుతాడు. 'మా తాతకు బావ పోయినాడు' అని చెప్పు. అంతే చెప్పు, ఇంకేం కలపొద్దు, వాడికే అర్థమవుతాది. ముందు నాకు తలకు నీళ్లు పొయ్యాల. కాగబెట్టొద్దు, చన్నీళ్లే. ట్యాంకులోవి కాదు, ఆ పాత బోరుకాడ కొట్టుకోని రా, ఇంకా వస్తాయి. తుండు నువ్వు చేత్తో పట్టుకోని నిలబడు. నేను అడిగినప్పుడు అందియ్యి.