మా బావ చేసిన ఉపవాసం

డాక్టరుగారు ఇంకా రాలేదు. క్లినిక్కు వరండాలో బెంచీల మీద అందరం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. మా బావ మాత్రం కూర్చోలేడు, నిలబడలేడు. కడుపు మీద చెయ్యేసుకుని ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. మధ్యమధ్యలో బాత్రూంలోకి పరుగు. ఈయన మా అక్క మొగుడు. ప్రింటింగు ప్రెస్సులో పని. అక్కడ అందరూ ఈయన్ని 'మైకు' అంటారు. ఎందుకంటారో ఆ వేళ వరండా మొత్తానికి తెలిసింది.

"ఏం బాబూ, కడుపునొప్పా?" అనడిగాడు ఎదురు బెంచీ మీదున్న రిటైరైన పోస్ట్‌మాన్, తన మోకాలు తాను నొక్కుకుంటూ.

అంతే, మైకు ఆన్ అయింది.

"నొప్పా? నొప్పనకండి బాబాయ్‌గారూ, చిన్నతనంగా ఉంటుంది. ఉపవాసం చేశాను. దాని తాలూకు చిల్లర తిప్పలివి."

మూలన చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, గోడకి తలానించి కూర్చున్నావిడ కళ్ళు తెరిచింది. ఆవిడ టైలరు. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. "ఎన్నాళ్ళు చేశారన్నయ్యా?" అంది.

"మూడు రోజులమ్మా."

నేను బావ వైపు చూశాను. బావ గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు.

"పొట్ట తగ్గిద్దామని మొదలుపెట్టాను. మొదటిరోజు ఏమీ తెలీలేదు. రెండోరోజు పొద్దున్నే పేగులు అందుకున్నాయి చూడండీ! కడుపులో ఎలకలు పరిగెడతాయంటారే, నాకు పరిగెత్తలేదు, బ్యాండు పెట్టుకుని ఊరేగింపు తీశాయి. పై వాటావాళ్ళు దిగొచ్చి 'ఏమండీ, మీ నీళ్ళ మోటారు ఆపడం మర్చిపోయినట్టున్నారు' అన్నారు. మోటారు కాదు మహాప్రభో, నా కడుపు అని చొక్కా ఎత్తి వినిపించాను. వాళ్ళావిడ చెవులు మూసుకుని మెట్లెక్కేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంట పట్టుకుంది. అది మంటా? పొయ్యి! చల్లటి నీళ్ళు గ్లాసుడు తాగితే లోపల కుతకుతా ఉడికి, తేన్పులో ఆవిరి వచ్చింది. మా ఆవిడ ఊరుకుంటుందా? ఆ ఆవిరి పట్టి నా చొక్కా ఇస్త్రీ చేసేసింది."

"చొక్కా ఇస్త్రీయా!" అన్నాడు పోస్ట్‌మాన్.

"కాలరుతో సహా."

టైలరమ్మ నవ్వలేదు. "నాకూ మంటే అన్నయ్యా. నేనూ ఐదారు రోజుల్నుంచి ఉత్త నీళ్ళ మీదే ఉన్నాను. మిషను ముందు కూర్చుని కూర్చుని ఒళ్ళొచ్చేసింది, తగ్గుదామని. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, పిక్కలు పట్టేస్తున్నాయి. గుండె దడదడా కొట్టుకుంటోంది. మా అమ్మాయి పోరు పడలేక వచ్చాను. డాక్టరేమో మానెయ్యమంటాడు, చేసిందంతా వృథా అవుతుంది."

మరొకరైతే అక్కడ ఆగి ఆవిడ మొహం చూసేవాళ్ళు. మా బావకి ఒక్క మాటే వినబడింది: ఐదారు రోజులు. ఆయన మూడు రోజులు ఆవిడ ముందు వెలవెలబోయాయి.

"మూడు రోజులన్నానా? అది మొదటి విడతమ్మా. ఒంటికి అలవాటు కోసం. అసలు ఉపవాసం దాని తర్వాత," అంటూనే మొహం ముడుచుకుని బాత్రూంలోకి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి ఉపవాసం రెండు వారాలకి పెరిగింది.

"ఎక్కడున్నాం? ఆఁ, పదిహేను రోజులు దాటాయి. ఆకలి వేయడం మానేసింది. ఎందుకేస్తుంది, దానికే ఆకలేసి వేరే ఇల్లు చూసుకుంది. కానీ నీరసం. అప్పుడు మందుల షాపతను ఒక పొడిచ్చాడు. ఉపవాసంలో ఒంట్లో ఉప్పులు పడిపోతాయి, ఇది నీళ్ళలో కలుపుకు తాగమన్నాడు. ఎలక్ట్రోలైట్! పేరు విన్నారా? ఎలక్ట్రో అంటే కరెంటు, లైట్ అంటే లైటు. ఇంకేం కావాలి మనిషికి? ఒక్క గ్లాసు తాగి ప్రెస్సుకి వెళ్ళాను. వెళ్ళేసరికి కరెంటు పోయింది, పోస్టర్లు సగంలో ఆగిపోయాయి, ఓనరు జుట్టు పీక్కుంటున్నాడు. నేను నీరసంగా మిషను మీద చెయ్యేసి నిలబడ్డాను. అంతే! గిర్రుమని తిరిగింది!"

"చెయ్యేస్తేనా?"

"ఇదిగో, ఈ చెయ్యే బాబాయ్‌గారూ. తీస్తే ఆగుతుంది, వేస్తే తిరుగుతుంది. సాయంత్రానికి వీధి వీధంతా నా దగ్గరికి ఫోన్లు పట్టుకొచ్చింది చార్జింగుకి. ఈ చెవికో వైరు, ఆ చెవికో వైరు. మా బామ్మర్దిని అడగండి, పక్కనే ఉన్నాడు. ఏరా?"

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అందరి ముందూ అక్క మొగుణ్ణి ఏమంటాను? ఇంట్లో ఇలాంటివి ఎన్ని మింగలేదు!

"సిగ్గరి," అన్నాడు బావ. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు ఆఫీసువాళ్ళు వచ్చారు. 'అనుమతి లేకుండా కరెంటు తయారుచేస్తున్నారట' అని నా నడుముకి మీటరు బిగించబోయారు. బిగిద్దామంటే నడుమేదీ? అప్పటికి నెల దాటింది. తేలికైపోయాను. ఎంత తేలికంటే, మా ఆవిడ ఫ్యాను వేసిందంటే ముందు నన్ను మంచానికి కట్టాలి. ఒకరోజు మర్చిపోయింది. కిటికీలోంచి ఎగిరి ఎదురింటి డాబా మీద బట్టల తీగకి తగులుకున్నాను. ఆవిడెవరో ఎండిందనుకుని నన్ను మడతపెట్టబోయింది!"

వరండా అంతా గొల్లుమంది. మోకాలు నొప్పి మర్చిపోయి పోస్ట్‌మాన్ తొడ చరుచుకున్నాడు. నర్సు కూడా గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇన్ని జరిగినా డాక్టరు గడప తొక్కానా? లేదు. ఆ పొడి, ఈ గుండె ధైర్యం, అంతే. మంట దానంతటదే చల్లారింది, కళ్ళు తిరగడం దానంతటదే ఆగింది. ఒళ్ళు చెప్పే మాటలన్నీ వింటే ఉపవాసాలు సాగుతాయా?"

టైలరమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది.

"మంచి మాట చెప్పారన్నయ్యా. నెల పైన ఉన్నవారు మీరే ఇంత ధైర్యంగా ఉంటే, నాకీ ఐదారు రోజులకే భయమేంటి? దారిలో ఆ పొడి కొనుక్కుని ఇంటికెళ్ళిపోతాను. ఇంకో రెండు వారాలు లాగేస్తాను."

అని లేచింది. లేచిన మనిషి లేచినట్టే ఊగింది. గోడ కోసం చెయ్యి చాచింది, గోడ అందలేదు. బావ ఒక్క గంతులో వెళ్ళి భుజం పట్టుకున్నాడు. ఆవిడ పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"కూర్చోమ్మా, కూర్చో. డాక్టరుగారికి ఒకసారి చూపించుకుని..."

"మీరు చూపించుకోలేదన్నారుగా," అంది ఆవిడ, చెయ్యి విడిపించుకుంటూ. "వదలండన్నయ్యా, నాకేం కాదు."

బావ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ నోట మాట రాకపోవడం నేనెన్నడూ చూడలేదు. నా వైపు తిరిగాడు. ఆ చూపులో భయం తప్ప ఏమీ లేదు. ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళిపోతోంది.

"అమ్మా, ఆగండి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "ఆయన ఏ ఉపవాసమూ చెయ్యలేదు. నిన్న రాత్రి భోజనం మానేశాడు. అంతే."

ఆవిడ మెట్ల దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది.

"రాత్రి భోజనమా?" అంది ఆవిడ.

"ఆ ఒక్క పూటకే నీరసమొచ్చేస్తుందని, ఆ పొడి పాకెట్లు నాలుగు ఒకే గ్లాసులో కలిపి గటగటా తాగేశాడు. అప్పట్నుంచీ బాత్రూంలోనే కాపురం. పొద్దున్నే మా అక్క ఏడుస్తూ ఫోను చేస్తే నేనే ఆటోలో వేసుకొచ్చాను."

"నాలుగూ ఒక గ్లాసులోనా!" నర్సు నుదురు కొట్టుకుంది. "ఒక్క పాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి, కొంచెం కొంచెంగా తాగాలండీ. అంత చిక్కగా ఖాళీ కడుపులో పోస్తే కడుపు ఊరుకుంటుందా?" అంటూనే ఆవిడ దగ్గరికి వెళ్ళి నాడి పట్టుకుంది. పట్టుకున్నాక నర్సు మొహంలో చిరాకు పోయింది. "మీరెక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. లోపలికి పదండి, పడుకోండి."

అంతలో డాక్టరుగారి స్కూటరు ఆగింది. ముందు నంబరు మాదే. నర్సు అడగకముందే బావ అన్నాడు, "ముందు ఆవిణ్ణి చూడండి. నాకేం తొందర లేదు." నిజానికి ఆ క్షణంలో ఆయనకున్న తొందర లోకంలో ఎవరికీ లేదు. అన్న వెంటనే బాత్రూం వైపు ఉరికాడు.

చాలాసేపటికి నర్సు బయటికొచ్చి ఆవిడ కూతురికి ఫోను చేసింది. సెలైను పెట్టారట. ఒంట్లో ఉప్పులు బాగా పడిపోయినట్టున్నాయి, రక్తపరీక్షకి పంపారట. "గుండె లయ తప్పుతోంది. ఇంటికెళ్ళుంటే దారిలోనే పడిపోయేది," అంది మా వైపు చూడకుండా.

బావ బెంచీ మీద చివరికంటా జరిగి కూర్చున్నాడు. కాలు ఊపాడు, ఆపాడు, మళ్ళీ ఊపాడు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచి చూశాడు. తెర సందులోంచి ఆవిడ పడుకుని నర్సుతో ఏదో చెప్పడం కనబడ్డాక గానీ భుజాలు దింపలేదు.

నాకు జాలేసింది. అందరిలో అలా పరువు తీశానే అనిపించింది. "ఏమనుకోకు బావా, ఆవిడ వెళ్ళిపోతోందని..." అన్నాను.

"నిన్నేమన్నానా? చెప్పావు, మంచి పని చేశావు," అన్నాడు. కాసేపు చేతులు పిసుక్కున్నాడు. ఎవరూ వినడం లేదని అటూ ఇటూ చూసుకుని నా చెవి దగ్గరికి వంగాడు.

"కానీ చెప్పేవాడివి సరిగ్గా చెప్పొద్దురా? రాత్రి భోజనం ఒక్కటే అన్నావు. పొద్దున టిఫిను కూడా తినలేదుగా నేను!"