మైకు ఆపే మీట

వల్పరాయీసో నగరంలో ఓ కొండ మీది పేట రేడియోలో కంప్యూటర్లు చూసే నిబాల్దో తలుపు తోసుకుని వచ్చేసరికి, చూపులేని ఎలీదా మైకు ముందే కూర్చుని ఉంది. కీబోర్డులో ఎఫ్ ఏడు మీట మీద తాను గుర్తుకు వేసుకున్న మైనపు చుక్కను ఆమె వేలు తడుముతోంది.

"నా మీటలెందుకు మార్చావ్?"

"కొత్త లినక్స్ పెట్టా. మైకు ఆపేది ఇప్పుడు ఎఫ్ ఎనిమిది. ఇదేమైనా నీ సొంత కంప్యూటరా?"

"నిన్న మైకు ఆగిందనుకుని బేకరీ ఓర్లాందోను తిట్టా. కొండంతా విన్నది."

"నోరు అదుపులో పెట్టుకోవాల్సింది. అయినా తెర పక్కన చీటీ అంటించాగా."

"చీటీ! నాకు!"

"చదవలేకపోతే నా ఖర్మా?"

"కావాలనే చేశావ్."

"చేశా, అయితే ఏంటి? పొద్దుటి కార్యక్రమం నా మరదలికి ఇమ్మంటే నువ్వు కుర్చీ వదిలితేగా! ఈ రేడియో వినే ముసలాళ్ళకి ఎవరు వాగినా ఒకటే."

ఎలీదా వేలు మెల్లగా పక్క మీట మీదికి జరిగి, అక్కడే ఆగింది.

"ఎఫ్ ఎనిమిదేగా?"

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"తలుపు మీద ఎర్రదీపం చూడకుండానే వచ్చావా? చూపున్నవాడివేగా! నువ్వొచ్చినప్పట్నుంచీ మైకు ఆన్‌లోనే ఉంది. నేనింకా నొక్కలేదు."