ఎడమ కన్ను

మా పిన్ని సంగతా? ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు దాటింది, ఇప్పుడెందుకు గుర్తొచ్చిందే నీకు... సరే, అడిగావు కాబట్టి చెప్తా, కూర్చో తల్లీ. మా బాబాయి అమ్మవారి బొమ్మలు చేసేవాడు. మట్టి పనీ రంగు పనీ మేం నలుగురం చేసినా, కళ్ళు మాత్రం ఆయనే దిద్దాలి. అదీ ఆఖర్న. కుడి కన్ను ముందు, ఎడమది తర్వాత. ఉగ్రరూపమంటే ఆయనకి నల్లేరు మీద నడక, చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరించాల్సిందే. ఒకసారి బొమ్మ చేయించుకునేవాళ్ళొచ్చి, "ఉగ్రం వద్దు మేస్త్రీ, బిడ్డ ఏడిస్తే తల్లి కళ్ళు చెమ్మగిల్లినట్టుండాలి, అమ్మ శక్తంతా ఆ కరుణలోనే ఉంది" అన్నారు. ఇంకేముంది, మూడు రోజులు దిద్దడం, తుడవడం. కరుణ రాదే! నాలుగో రోజు నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, తన తమ్ముడు పోయాడని చెప్పి మీ పిన్నిని తీసుకురా. ఆ మొహం ఒక్క నిమిషం చూస్తే చాలు, తర్వాత నిజం చెప్పేద్దాం" అన్నాడు. ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది పిన్నేనమ్మా! నేనేమన్నా పసివాణ్ణా, అప్పటికే ఒక బిడ్డకి తండ్రిని. ఛీ అనాలి కదా? అనలేదు. వెళ్ళాను, చెప్పాను.

బట్టలుతుకుతోంది పాపం. సబ్బు చేతులతోనే పరిగెత్తుకొచ్చి, "ఏమండీ, మావాడు..." అంటూ గుమ్మంలోనే కూలబడింది. బాబాయి లేచి పట్టుకుంటాడనుకున్నా. అబ్బే! కుంచె ముంచి, ఆవిడ మొహం చూస్తూ కుడి కన్ను దిద్దేస్తున్నాడు. "కదలకు, అలాగే ఉండు" అన్నాడు. కట్టుకున్న పెళ్ళాంతో! పిన్ని ఏడుపు టక్కున ఆగిపోయింది. కుంచె చూసింది, బొమ్మని చూసింది, నన్ను చూసింది. "వాడున్నాడా?" అంది. "ఉన్నాడు పిన్నీ" అన్నా. ఏ రంగు డబ్బానో తీసి మా నెత్తిన కొడుతుందనుకున్నా. కొట్టలేదే! లేచి నిలబడి, బాబాయి కళ్ళలోకి చూస్తూ ఎడమ కన్నయ్యేదాకా అలాగే ఉంది. అయినా ఆయన కుంచె ఆపలేదు, మహానుభావుడు. "అయిందా?" అని అడిగి, తిన్నగా తమ్ముడింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇక జనాన్ని చూడాలి! "ఆహా, ఒక కంట కరుణ, ఒక కంట ఆగ్రహం! కుడి కన్ను బిడ్డలకి, ఎడమ కన్ను రాక్షసులకి" అని పూజారి వర్ణిస్తుంటే అందరూ లెంపలేసుకోవడమే. ఆ రాక్షసులెవరో నాకు తెలుసు కదమ్మా. ఏడాది తర్వాత ధైర్యం చేసి, క్షమించమందామని వెళ్ళా. కుర్చీ వేసింది, అన్నం పెట్టింది, పిల్ల నడుస్తోందా అని కూడా అడిగింది. అన్నీ నేలచూపులే. "వెళ్ళొస్తా పిన్నీ" అంటే, తలుపు వైపు చూస్తూ "మంచిది" అంది. ఒక్కసారి నా మొహంలోకి చూసి తిట్టినా బాగుండేది... ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా.