చీపురుకర్ర మీద నీలం టేపు

"నిశ్శబ్దం అంటే ఏమనుకున్నావమ్మాయ్? టీవీ కట్టేస్తే వచ్చేదనుకున్నావా?" అన్నాడు ఓయివా, చీపురుకర్ర మీద గడ్డం ఆనించి. ఇక సాసేజ్‌లు మాడి బొగ్గయినా ఈయన ఆపడని నాకు అర్థమైపోయింది.

ఏటా మే నెలలో ఒక శనివారం మా వీధివాళ్ళందరం కలిసి చలికాలపు చెత్తంతా ఊడ్చి, ఆఖర్న కాఫీ తాగి, సాసేజ్‌లు కాల్చుకు తింటాం. టాంపెరె నగరం శివార్లలో పద్నాలుగిళ్ళ వీధి మాది, అడవి అడ్డొచ్చి అక్కడితో ఆగిపోతుంది. పదమూడిళ్ళవాళ్ళం ఏడాది పొడుగునా మాట్లాడేదంతా ఒక్క పూటలో మాట్లాడేస్తాడు ఓయివా. డెబ్భై రెండేళ్ళు. ఒంటరివాడు.

ఆ రోజు ఆయనకి కొత్త చెవులు దొరికాయి. మార్చిలో తొమ్మిదో నంబరింట్లో దిగిన విల్యా. ఐదు నెలల పిల్లాడు ఏలిస్ ఆవిడ పక్కనే తోపుడుబండిలో నిద్రపోతున్నాడు. ఆవిడ నిజానికి అడిగింది ఓయివాని కాదు, కాఫీ పోస్తున్న సిల్విని. "వీడు తెగ ఏడుస్తాడండీ. కిటికీలన్నీ మూసే ఉంచుతున్నాను. అయినా మీకు ఇబ్బందిగా ఉందా? ఇంత నిశ్శబ్దమైన వీధిలో మేం ఇమడలేమేమో, ఇల్లు మారిపోదామా అనుకుంటున్నాం."

ఓయివాకి పక్కింటావిడ సిల్వి. ఏదో చెప్పబోయింది. ఈలోపే ఈయన అందుకున్నాడు.

"నేనిక్కడికొచ్చి ముప్పై ఒక్కేళ్ళు. అంతకుముందు టర్కు రేవులో ఓడలు కట్టేచోట వెల్డింగ్ పని, చెవుల్లో ఎప్పుడూ గోలే. ఇక్కడ మొదటిరోజు పొద్దున్నే లేస్తే ఒక్క చప్పుడు లేదు. చెవులు పోయాయిరా దేవుడా అనుకున్నాను. చూద్దామని చెంచా కింద పడేశాను. ఠంగ్! హమ్మయ్య, ఉన్నాయి. ఆ ఠంగు ఏం చేసిందో తెలుసా? వీధి చివరిదాకా పోయి, అడవంతా తిరిగి, నేను కాఫీ తాగి కప్పు కడిగేసరికి మళ్ళీ నా వంటింట్లోకే వచ్చింది."

విల్యా నవ్వింది, కానీ చెయ్యి మాత్రం తోపుడుబండి మీదకి పోయింది.

"వారం తిరిగేసరికి చెవులు పదునెక్కాయి. ఇదిగో ఈ పెర్తి మూడిళ్ళ అవతల పేపరు తిప్పితే ఏ పేజీయో చెప్పేసేవాణ్ణి. ఆటల పేజీ అయితే తర్వాత ఒక నిట్టూర్పు వస్తుంది. అవునా కాదా పెర్తీ?"

"ఊఁ," అన్నాను. నేను పేపరు తెప్పించుకోవడం మానేసి ఆరేళ్ళయింది. అదంతా చెప్పడానికి చాలా మాటలు కావాలి.

"చూశావా! తర్వాత రొట్టెకి కలిపిన పిండి పొంగడం వినపడింది. గోధుమపిండయితే మెత్తగా, నిద్రలో ఉన్నవాళ్ళు పక్కమీద ఒత్తిగిల్లినట్టు పొంగుతుంది. రై పిండి అలా కాదు, గొణుక్కుంటూ పొంగుతుంది. ఇక మంచు సంగతి వింటే నమ్మవు. డిసెంబరులో గాలి లేని పొద్దున గుమ్మంలో నించుంటే, ఒక్కొక్క తునక వచ్చి వాలడం వినపడేది. అమ్మాయ్, అది మాత్రం..." అని అడవి వైపు చూశాడు. "అది మాత్రం ఎలా చెప్పాలో నాకు తెలీదు. లోకమంతా నీ కోసం చిన్నగా మాట్లాడుతున్నట్టుంటుంది. నేను టోపీ తీసి నించున్నాను."

ఇది కోతలు కొయ్యడం కాదని నాకనిపించింది. నేనూ అలా నించున్నవాణ్ణే, ఎవరికీ చెప్పలేదంతే.

ఆయన మాత్రం వెంటనే తేరుకున్నాడు. "తర్వాత చీమలు! అడవిలో ఆ పెద్ద పుట్టలో పొద్దున పనిచేసే చీమలు దిగి సాయంత్రంవి ఎక్కుతాయే, ఆ తొక్కిసలాట నా మంచం మీదికి వినపడేది. ఒకసారి రెండు చీమలు ఒక పుల్ల కోసం తగువులాడుకుంటే నేను లేచి వెళ్ళి ఇంకో పుల్ల ఇచ్చొచ్చాను. వసంతం వస్తే ఈ బిర్చ్ చెట్టులో నీరు పైకెక్కే హోరుకి మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. కాస్త నెమ్మదిగా ఎక్కవే అని బతిమాలాను. వింది పాపం. అందుకే ఆ ఏడు దానికి ఆకులు వారం ఆలస్యం."

"అయితే మా వాడు..." అంది విల్యా నీరసంగా.

"ఆగు, అసలుది ఇప్పుడొస్తుంది. పోయిన ఫిబ్రవరి. శనివారం, సాయంత్రం నాలుగున్నర. వీధి అంతలా సద్దుమణగడం నేనెన్నడూ చూళ్ళేదు. నాలుగో నంబరువాళ్ళ కుక్క మొరగబోయి, సిగ్గేసి నోరు మూసుకుంది. ఊళ్ళో చర్చి గడియారం గంట కొట్టాలా వద్దా అని ఆలోచిస్తోంది. పొగ గొట్టంలోంచి పొగ కూడా మునివేళ్ళ మీద వస్తోంది. అప్పుడు, నాలుగు పెరళ్ళ అవతల, ఒక సౌనా ఆవిరిగదిలో, ఆవిరి కోసం కాల్చిన వేడిరాళ్ళ మీద ఒక్క నీటిచుక్క పడింది. సుయ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో చుక్క పడలేదు. నాకు తెలిసిపోయింది. ఎవరో లోపల చిక్కుకుపోయారు!"

"ఎవరు?"

"పేరు చెప్పను. ఒక ముసలావిడ. ఈ వీధిలో ఆవిడ పరువు నాకు ముఖ్యం." సిల్వి కాఫీ పోస్తూనే ఉంది. "బయటి నడవలో గోడకి ఆనించిన చీపురు జారి, తలుపుకీ ఎదుటి గోడకీ మధ్య అడ్డంగా బిగుసుకుంది. లోపలినుంచి తోస్తే అంగుళం కదిలితే ఒట్టు."

"మరి ఆవిడ అరవచ్చుగా?"

ఓయివా గొంతు తగ్గింది. "ఎలా అరుస్తుందమ్మాయ్? శనివారం సాయంత్రం. అందరూ స్నానాలు చేసి తడి జుట్టుతో కూచునే వేళ. అంత నిశ్శబ్దంలో, ఒంటిమీద నూలుపోగు లేకుండా, 'నన్ను బయటికి తియ్యండర్రా' అని అరవడానికి నోరు రాదు. ఇంకో నిమిషం చూద్దాం, ఇంకో నిమిషం చూద్దాం అనుకుంటుంది. గుండె చప్పుడు చెవుల్లో వినపడుతుంది. బల్ల మీద నుంచి కిందకి దిగి, తలుపు కింద సందులో ముక్కుపెట్టి పడుకుంటుంది. ఇన్నేళ్ళు ఇష్టపడ్డ నిశ్శబ్దమంటేనే మొదటిసారి భయం వేస్తుంది."

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అంది విల్యా.

"విన్నాను," అన్నాడు ఓయివా, కాస్త తడబడి. వెంటనే ఛాతీ విరిచాడు. "విని ఊరుకున్నానా? ఉత్త కాళ్ళతో నాలుగు కంచెలు దూకాను. నాలుగోది దూకేటప్పుడు ఎగురుతున్న కాకి ఒకటి నాకు దారిచ్చింది. ఒక్క గుద్దుకి చీపురుకర్ర రెండు ముక్కలు. తలుపు తెరవగానే లోపలి ఆవిరంతా మబ్బయి లేచి పక్క ఊరి మీద పడింది. ఫిబ్రవరిలో వెచ్చటి వాన! జనం సబ్బులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. నేను ఆవిడని ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో—"

"ఓయివా," అంది సిల్వి. ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టింది. "నీ గడ్డం కింద ఉన్న చీపురుకర్రకి ఆ నీలం టేపు ఎందుకు చుట్టావో అమ్మాయికి చెప్పు."

అందరం చూశాం. కర్ర సరిగ్గా నడిమికి విరిగి ఉంది. దాని చుట్టూ ఐదారు వరసలు నీలం టేపు.

ఓయివా గడ్డం ఎత్తాడు. కర్రని వెనక్కి దాచబోయాడు, కానీ అంత పొడుగు చీపురు దాగుతుందా?

"లోపలున్నది ఈయన," అంది సిల్వి విల్యాతో. "కర్రని తన్ని విరిచింది నేను. కంచె దూకలేదు, గేటు తీసుకునే వెళ్ళాను. పక్క ఊళ్ళో వాన సంగతి నాకు తెలీదు."

ఎవరో పకపకా నవ్వారు. విల్యా మాత్రం నవ్వలేదు. "అరవలేదన్నారుగా? మీకెలా తెలిసింది?"

"మా గోడ పక్కనే ఈయన సౌనా. ప్రతి శనివారం నాలుగింటినుంచి ఐదింటిదాకా ఆ రాళ్ళకి కథలు చెప్తాడు. ముప్పై ఒక్కేళ్ళుగా వింటున్నాను. మా ఆయన పోయాక శనివారం నేను రేడియో కూడా పెట్టను, మెట్ల మీద కూచుంటాను, ఈ గోల వింటూ. ఆ రోజు నాలుగున్నరకి ఆగిపోయింది. చల్లబడ్డ కాఫీ తాగాను. ఇంకా లేదు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను." ఓయివా వైపు తిరిగింది. "అరిచి చావచ్చు కదయ్యా. అంత మొహమాటమేమిటి? ఒక్కోసారి నీ గోల భరించలేను, నిజమే. కానీ అది ఆగిన రోజు నా ప్రాణం పోయినంత పనైంది."

ఓయివా నోరు తెరిచాడు. మూశాడు. ముప్పై ఒక్కేళ్ళలో మేము ఆ వింత చూడటం అదే మొదలు.

"ఇక నీ సంగతి," అంది సిల్వి, విల్యా కప్పులో కాఫీ నింపుతూ. "నువ్వు కిటికీలు మూసినా నీ పిల్లాడు నాకు వినపడుతూనే ఉన్నాడు. పొద్దున ఆరింటికి మొదలెడతాడు. వాడు ఏడ్చాకే నేను లేచి కాఫీ పెట్టుకుంటున్నాను. కిటికీలు తెరువు. ఎప్పుడైనా వినపడలేదనుకో, వచ్చి నీ తలుపు కొడతాను. ఏమీ అనుకోకు."

విల్యా తల దించుకుంది. కళ్ళు తుడుచుకుంటోందని అందరికీ తెలిసింది, అందరం సాసేజ్‌ల వైపు చూశాం.

సరిగ్గా అప్పుడే తోపుడుబండిలో ఏలిస్ లేచాడు. ముందు ఒక చిన్న మూలుగు, తర్వాత ఏడుపు, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా. విల్యా చప్పున లేవబోయింది. సిల్వి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. విల్యా మళ్ళీ కూచుని, పిల్లాణ్ణి తీరిగ్గా ఒళ్ళోకి తీసుకుంది. ఎవరూ ముఖం చిట్లించలేదు. నాకూ ఏదో ఒకటి అనాలనిపించింది.

"గట్టి గొంతు," అన్నాను.

"గట్టిదా?" అన్నాడు ఓయివా, చీపురుకర్ర మీద గడ్డం మళ్ళీ ఆనించి. "హెల్సింకి దాకా వినపడుతుంది ఇది."

ఎవరూ కాదనలేదు.