మూడో ప్రకటనకు వచ్చిన అభ్యంతరం

1948 సెప్టెంబరు 20, సోమవారం ఉదయం, సికింద్రాబాదు పోలీసు ఠాణాలో, ఠాణా అధికారి అమీను వీరయ్యగారు అడగగా చెప్పినది:

నా పేరు కాంతమణి. వయసు నలభై ఏడు. మిషన్ బడిలో టీచరును. సీతాఫల్‌మండిలో మా చర్చి వెనక వీధిలో ఉంటాను. భర్త పోయి చాలా కాలమైంది. తమరు లాకప్‌లో పెట్టిన నోవహుగారు మా సంఘ పెద్ద, రైల్వేలో గుమాస్తా. ఆయనకూ భార్య లేదు. మా ఇద్దరికీ ఈ బుధవారం పెళ్లి.

ఈ వయసులో ఇదేం బుద్ధి అని తమరు నవ్వుకున్నారు. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. ఇరవయ్యేళ్లకు ప్రేమ వస్తే సిగ్గుపడతాం, యాభైకి వస్తే తొందరపడతాం, అంతే తేడా. ప్రేమిస్తే తిండి సహించదంటారు. నేను నమ్మను. నాతో మాట్లాడిన రోజు ఈయన ఒక రొట్టె ఎక్కువే తింటారు.

మా వాళ్లలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి. ఒక్క వారం తప్పినా మళ్లీ మొదటి నుంచి చదవాలి. మూడో ప్రకటన నిన్న. శనివారం ఇండియా సైన్యం ఊళ్లోకి వచ్చింది, నిన్న మా వీధిలో కర్ఫ్యూ పెట్టారు. పాస్టరు అబ్రహాంగారు రైళ్లు ఆగిపోయి కాజీపేటలో చిక్కుకున్నారు. ఆయన లేనప్పుడు చదవాల్సింది సంఘ పెద్ద. అంటే పెళ్లికొడుకే.

నిన్న పొద్దున్నే ఆయన మా పెరటి గోడ దగ్గరికి వచ్చారు. "ఇంకో మూడు వారాలు ఆగుదామండీ, కొంప మునగదు" అన్నాను. "ఆగితే నీ మనసు మారుతది. నాకెర్కే" అన్నారు. నాలుగేళ్లు కాదన్నదాన్ని, ఆ భయం ఆయనకు ఇంకా పోలేదు. వినడానికి సంఘం ఉండాలి కనుక నేనూ వెళ్లాను. నిబంధన కోసం వెళ్లానని చెప్పుకోవచ్చు గానీ, నిజం చెప్పమన్నారు కదా. ఆయన నోట నా పేరు గట్టిగా వినాలని వెళ్లాను.

చర్చి ఖాళీ. ఆడవాళ్ల వైపు చాప మీద నేనొక్కదాన్నే. సంఘమంతా నిండి ఉన్నట్టు ఆయన గొంతెత్తి చదివారు. "నోవహునకును కాంతమణికిని వివాహము జరుగనున్నది. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను."

తలుపు దగ్గర నుంచి జవాబు వచ్చింది. "నాకున్నది. బయటికి రాండ్రి."

ఆ మాట అన్నది తమ ఠాణా జవాను పర్వతాలు. రహస్య సమావేశమని ఆయన్ని పట్టుకొచ్చాడు. వీధంతా వినబడేట్టు చదివితే అందులో రహస్యమేమిటో నాకు తెలియదు.

ఆయన లాకప్‌లో కూర్చుని పరేషాన్ అవుతున్నది అరెస్టు గురించి కాదు. "అభ్యంతరమొచ్చింది కాంతమణీ, కారణం తేలందే పాస్టరు పెళ్లి చెయ్యడు" అంటున్నారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అందుకే ఇందాక తమ ముందే పర్వతాలును అడిగాను. "మీరు కర్ఫ్యూల తిరుగుతుండ్రని అన్ననమ్మా. లగ్గానికి నాకేం అభ్యంతరం లేదు. జెర జల్ది చేస్కోండ్రి" అన్నాడు. ఆ మాట దయచేసి ఇందులో రాయండి. రేపు పాస్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది, ఆయనకు చూపించాలి.

మూడు వారాలు ఆగితే ఏమవుతుందని తమరూ అడిగారు. నిన్న పొద్దున నేనన్న మాటే అది. కానీ జవాను ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంటే, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మోండా మార్కెట్ దాకా వెనకాలే వచ్చాను. ఆగలేనిది నేనని అప్పుడు తెలిసింది. బుధవారానికి ఆయన్ని వదలండి. కుదరకపోతే పాస్టరుగారినీ నన్నూ లాకప్ దాకా రానివ్వండి. పెళ్లికి ఉంగరం తొడిగితే చాలు. కటకటాల సందులో నా చెయ్యి పడుతుంది. ఇందాకే చూసుకున్నాను.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు. చదివి చూసుకున్నాను, అంతా నిజం. ఇందులో నా మీద ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం) కాంతమణి