‘అంటారు’ అన్న ఒక్క మాట

1989 జూన్ 14వ తేదీన మా పరిశోధన సంస్థలో లేఖకురాలిగా చేరిన మేడం గారు, ఈ నెలాఖరున ప్రచురణ విభాగ సంపాదకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. పరిశోధకులు ఊళ్ళు తిరిగి జనంతో మాట్లాడి తెచ్చిన క్యాసెట్లను విని, రాసి, అచ్చుకు సిద్ధం చేయడమే ఇన్నేళ్ళూ వారి వృత్తి, వారి దీక్ష.

ఏటి ఒడ్డున నివసించే నలభై మందితో జరిపిన సంభాషణల సంకలనం వారి తొలి గ్రంథం. ‘ఏటిగట్టువారు’ అనే ప్రజాసమూహం దానితోనే పాఠ్యపుస్తకాలకెక్కింది. మేడం గారికి పదోన్నతి లభించిందీ దానితోనే.

వారి ఎదుటి బల్ల నాది. పెళ్ళైన కొత్తలో ఒకరోజు, “ఆదివారం మేము సినిమాకి వెళ్తున్నాం” అన్నాను.

“మేము అంటే ఎవరెవరమ్మా?” ప్రూఫుల మీంచి తలెత్తకుండానే అడిగారు.

“ఆయనా, నేనూ.”

“అలా చెప్పు. సిగ్గుపడితే అచ్చులో కనపడదు.”

ఆ రోజంతా నాకు నవ్వు ఆగలేదు.

గత ఏడాది ఆ గ్రంథాన్ని పునర్ముద్రించదలచి పాత క్యాసెట్లు వింటున్నాను. “మీరు ఏటిగట్టువాళ్ళేగా?” అని పరిశోధకుడు అడిగితే, తట్టలల్లే పెద్దాయన “అంటారు” అని ఊరుకున్నారు. పుస్తకంలో ప్రశ్నే లేదు. “మేము ఏటిగట్టువాళ్ళం” అని జవాబు మాత్రం ఉంది. బెదురుతూనే వినిపించాను. మేడం గారు మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నారు.

“ప్రశ్న కొట్టేసింది నేనే. వాక్యం నిండుగా ఉండాలని ‘మేము’ చేర్చిందీ నేనే.”

ఈ సంగతి కొత్త ముద్రణలో ఒప్పుకుంటామంటే డైరెక్టరు గారు కలవరపడ్డారు. “రిటైరయ్యే ముందు ఉన్న పేరు పోగొట్టుకుంటారా మేడం?”

“నా పేరు సరే సార్, వాళ్ళకి నేను పెట్టిన పేరు మాటేమిటి?”

ఆ మాట అడగడానికే మేడం గారూ, నేనూ ఏటి ఒడ్డుకు వెళ్ళాం. పెద్దాయన ఇప్పుడు లేరు, కాలం చేశారు. ఆయన కూతురు తట్ట అల్లుతూనే అంతా విన్నది.

“మా నాన్న రోజుల్లో మేం తట్టలవాళ్ళం, ఆ పక్కవాళ్ళు పడవలవాళ్ళు. మీ పుస్తకం వచ్చాకే అందరం ఒకటయ్యాం. ఆ పేరు చెప్పుకునే వంతెన తెచ్చుకున్నాం. ఇప్పుడు కాదంటే ఎలాగమ్మా?”

“కాదనను. ఎలా వచ్చిందో చెప్తాను.”

“అయితే నాన్న అన్నది అన్నట్టే వెయ్యండి. దాని కింద నేనన్నదీ వెయ్యండి. ఈసారి మీ ప్రశ్న మింగెయ్యకండేం!”

మేడం గారు అంత హాయిగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

నలభై సంభాషణలూ ప్రశ్నలతో సహా, తమ పొరపాటును తెలిపే ముందుమాటతో సహా అచ్చయి, తొలి ప్రతి నిన్ననే వారి బల్ల మీదికి వచ్చింది. ‘అంటారు’ అన్న మాట మీద వేలుంచి, టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నారు.

వారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఇంతే చురుకైన చెవులతో, కుటుంబ సభ్యుల నడుమ నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని మేము మనసారా కోరుకుంటున్నాము. మేము అంటే ఎవరెవరని ఎలాగూ అడుగుతారు కనుక: ప్రచురణ విభాగంలోని నా తోటి ఆరుగురు, ఏటి ఒడ్డున తట్టలల్లే ఆవిడ, ఇక సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఆయనా, నేనూ.